నాన్న కారు, నా మెకానికల్ చదువు

పోయిన వేసవి సెలవుల్లో శ్రీశైలం బయల్దేరాం. అమ్మ, నాన్న, చెల్లి, నేను, పన్నెండేళ్ల మా చిన్న కారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. నాన్న కారు పక్కకి తీసి ఆపి నావైపు తిరిగారు. "నువ్వు మెకానికల్ కదరా, ఏమైందో చూడు."

చూశాను. చూడటం తప్ప ఇంకేం చేతకాలేదు. బానెట్ లివర్ ఎక్కడుందో చూపించింది కూడా నాన్నే. ఆయన తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పబోతుంటే, నేను పక్కన వాటర్ బాటిల్ పట్టుకుని సాయం చేస్తున్నాను! వెనకాల జీపు ఆపిన డ్రైవర్ "ఆగండి సార్, మూత ముట్టుకోకండి!" అని అరిచాడు కాబట్టి సరిపోయింది.

ఆ మూత ఎందుకు తీయకూడదో నాకు తెలియక కాదు. థర్మోడైనమిక్స్‌లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. స్టీమ్ టేబుల్స్ తీయండి. 1 బార్ దగ్గర నీళ్లు దాదాపు 100 డిగ్రీలకి మరుగుతాయి, 2 బార్ల దగ్గర దాదాపు 120కి. రేడియేటర్ మూత చేసే పని ఆ ఒత్తిడిని నిలబెట్టడమే. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, మరిగే నీళ్లు ఆవిరితో కలిసి మొహం మీదకి చిమ్ముతాయి. పరీక్షలో ఆ టేబుల్ చూశాను, రోడ్డు మీద ఆ మూతా చూశాను. రెండూ ఒకటేనని తట్టలేదు. ఆ ఒక్క క్షణానికి నాన్న మొహం కాలిపోయేది.

అరగంట పైనే ఆగాం. ఇంజన్ చల్లారాక చూస్తే కూలెంట్ డబ్బా ఖాళీ. గొట్టం క్లిప్పు వదులై కారిపోయింది. డ్రైవరన్న స్క్రూడ్రైవర్‌తో బిగించి, నీళ్లు పోసి, "ఇది ఊరు చేరడానికే, తర్వాత కూలెంట్ పోయించండి" అన్నాడు. నన్ను ఏం చదువుతున్నావని అడగలేదు. బతికిపోయాను.

"ఇప్పుడు కార్లన్నీ సెన్సర్లేగా, మనం చేసేదేముంది?" అంటాడు మా రూమ్మేట్. నిజమే, ఇంజన్ విప్పమని ఎవరూ అనట్లేదు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఏసీ గ్యాస్ మెకానిక్ పనే. కానీ ఈ కింది పనులకి ల్యాప్‌టాప్ అక్కర్లేదు, నెలకో పావుగంట చాలు.

ఆయిల్: కారు చదునుగా పెట్టి, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకి డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. నడుపుతుంటే ఎర్రని ఆయిల్ లైటు వెలిగితే, "ముందు బంకు దాకా పోదాం" అనుకోవద్దు. అక్కడే ఆపాలి.

కూలెంట్: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీది గీతలు చూస్తే చాలు, మూత తీయనక్కర్లేదు. మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే.

టైర్లు: గాలి చల్లని టైర్లకే కొలవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ పక్క స్టిక్కర్ చెబుతుంది. టైరు మీద ఉండే అంకె అది భరించగల గరిష్ఠం. అంత కొట్టించకూడదు. స్టెప్నీని మర్చిపోవద్దు.

బ్యాటరీ: తాళం తిప్పితే టకటకమని లైట్లు మసకబారితే ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొక్కు పట్టి ఉండొచ్చు, వదులై ఉండొచ్చు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. మల్టీమీటర్ మన ల్యాబ్‌లోనే ఉంది కదా!

బ్రేక్ ఆయిల్: తగ్గితే పోసేసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగుండాలి, లేదా లీకై ఉండాలి. నేరుగా మెకానిక్ దగ్గరికే.

ఇదంతా కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఉంది. మా కారుది ఇంగ్లీషులో ఉంది. అందుకే పన్నెండేళ్లుగా డ్యాష్‌బోర్డ్ అరలో కవర్ కూడా చిరగకుండా భద్రంగా ఉంది. నాన్న తెలుగు మీడియం, పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. తప్పు ఆయనది కాదు. ఇంట్లో ఇంజనీర్ని పెట్టుకుని కూడా ఆయనకి ఆ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పినవాడు లేడు. మన క్లబ్బు తెలుగుని బతికించాలంటోంది కదా. కవితల పోటీలతో పాటు, ఒక శనివారం వర్క్‌షాప్‌లో బానెట్ తెరిచి, చూసింది ఒక్క పేజీ తెలుగులో రాసి ఇంటికి పంపుదాం. అదీ తెలుగు సేవే అని నా అభిప్రాయం.

నేను మాత్రం మొదలుపెట్టా. దసరాకి వెళ్లినప్పుడు కాగితం రాసి అరలో పెట్టా. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి ఒక్క మాట కొట్టేశారు. "'శీతలకారి' ఏందిరా? కూలెంట్ అని రాయి, మీ అమ్మక్కూడా అర్థమవుద్ది."