అరచేతిలో డెల్టిక్, మరి మన బండి?

డెల్టా అంటే మనకు ధవళేశ్వరం దగ్గర మొదలయ్యే మూడుమూలల పచ్చటి నేల. ఓ పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, కింద సముద్రం. గ్రీకు అక్షరం డెల్టా ఇలాగే మూడుమూలలుగా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని స్కూల్లో చదువుకున్నాం. అదే అక్షరం పేరు పెట్టుకున్న రైలింజను ఒకటుంది తెలుసా? దాని పేరు డెల్టిక్. ఇంగ్లాండు డీజిల్ ఇంజను. దాని బుల్లి నమూనా ఒకటి రాజమండ్రిలో నా టేబుల్ మీద ఉంది. "ఈ వయసులో బొమ్మ రైలేంటండీ?" అని ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనీండి.

ముందు అసలు బండి సంగతి. 1961, 62ల్లో ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ బ్రిటిష్ రైల్వేకి ఇలాంటివి 22 చేసిచ్చింది. ఒక్కోటి 3,300 హార్స్ పవర్. లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా గంటకు వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల వేగంతో లాగేది. లోపల రెండు నేపియర్ ఇంజన్లు, ఒక్కోదానికి 18 సిలిండర్లు. ఆ సిలిండర్లను మూడు వరసలుగా, తలకిందులు చేసిన త్రికోణంలా పేర్చారు. ప్రతి సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కొట్టుకుంటాయి. త్రికోణం మూడు మూలల్లో మూడు క్రాంక్ షాఫ్టులు. అందుకే డెల్టిక్. నిజానికి ఆ ఇంజను పుట్టింది రైలు కోసం కాదు, నేవీ వాళ్ల స్పీడు బోట్ల కోసం. 1982 జనవరి కల్లా ఈ బండ్లన్నీ రిటైరైపోయాయి. 22లో ఆరింటిని మాత్రం అభిమానులు, మ్యూజియం వాళ్లు తుక్కు కాకుండా కాపాడుకున్నారు.

ఇక నా టేబుల్ మీది బండి. దీన్ని ఓఓ స్కేల్ అంటారు. అసలు బండిలో ఒక అడుగు, ఇక్కడ నాలుగు మిల్లీమీటర్లు. అంటే 76వ వంతు. 21 మీటర్ల పైచిలుకు ఇంజను 28 సెంటీమీటర్లకు వచ్చింది. జాలీ వెనకాల ఫ్యాను, మెట్లు, చేతిపట్టీలు, భూతద్దం పెడితే చదవగలిగే నంబరు, అన్నీ ఉన్నాయి. ఇలాంటి డెల్టిక్‌లను హార్న్‌బీ, బాచ్‌మన్ లాంటి కంపెనీలు అమ్ముతాయి.

ఒక్క తిరకాసు ఉంది. లెక్క ప్రకారం దీని పట్టాల మధ్య 18.8 మిల్లీమీటర్లు ఉండాలి, ఉన్నది 16.5. ఎందుకంటే, వెనకటి రోజుల్లో మోటార్లు పెద్దవి. ఇంగ్లాండు బండ్లేమో కాస్త సన్నం. మోటారు పట్టడం కోసం బండిని కొంచెం పెద్దది చేసి, అప్పటికే ఉన్న పట్టాలను అలాగే ఉంచేశారు. అదే అలవాటై నేటికీ నడుస్తోంది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. ఈ స్కేల్లో అది 22 అవ్వాలి. మన బండిని వాళ్ల పట్టాలెక్కిస్తే గేదెకు మేక కాళ్లు పెట్టినట్టే ఉంటుంది.

సరే, మన హేవ్‌లాక్ బ్రిడ్జి ఈ స్కేల్లో ఎంతవుతుందో చూద్దామని లెక్కేశాను. 1900లో రైళ్లు మొదలైన ఆ పాత వంతెనకు 56 స్పాన్లు, పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఒక్కో స్పాన్ 60 సెంటీమీటర్లు వస్తుంది, రెండు డెల్టిక్‌లు వెనకా ముందూ పడతాయి. మొత్తం వంతెన కట్టాలంటే 35 మీటర్ల పైనే జాగా కావాలి. కల్యాణమండపం అద్దెకు తీసుకోవాల్సిందే!

నవ్వులాట పక్కన పెడితే, ఆ వంతెన మీద బొమ్మగానైనా ఏ బండి నడపాలి? డెల్టిక్ కాదు కదా. మన వంతెన మీద మన బండే వెళ్లాలి. అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్‌తో 1962లో వచ్చి, తర్వాత వారణాసిలో వేలల్లో తయారైన డబ్ల్యూడీఎం-2. 2,600 హార్స్ పవర్, 17 మీటర్ల పొడవు. ఈ స్కేల్లో 22 సెంటీమీటర్లు చాలు. నల్లటి పొగ, దడదడ, దూరం నుంచే గుర్తుపట్టే హారన్. లేదంటే కోనసీమ అంచున కాకినాడ–కోటిపల్లి లైన్లో తిరిగిన రైలు బస్సు. 1928లో వేసి, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీకేసి, 2004లో మళ్లీ ప్రాణం పోసిన లైను అది. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా ఒంటరిగా వెళ్లే ఆ బుల్లి డీజిల్ బండి కంటే మంచి మోడల్ ఇంకేం ఉంటుంది?

కానీ లండన్ కుర్రాడు దుకాణానికెళ్లి వాళ్ల తాత ఎక్కిన బండి కొనుక్కున్నంత తేలిగ్గా మనం మన బండి కొనుక్కోలేం. డబ్బు ఒక్కటే కారణం కాదు. అక్కడ మిగిలిన ఇంజన్లను లేజర్‌తో స్కాన్ చేస్తారు, పాత డ్రాయింగులు తీస్తారు, ఏ ఏడాది ఏ రంగు వేశారో ఫొటోలు చూసి తేలుస్తారు. అంటే ఎవరో ముందే కొలిచి, రాసి, దాచిపెట్టారన్నమాట. కొలవని బండికి మోడల్ రాదు. తుక్కుకి వెళ్లాక కొలుద్దామన్నా కుదరదు. కరెంటు తీగలు అన్ని లైన్లకీ పాకుతున్నాయి. ఆ డీజిళ్లు నడిపిన డ్రైవర్లు, షెడ్డులో రిపేర్లు చేసిన ఫిట్టర్లు పెద్దవాళ్లయిపోతున్నారు.

ఇక్కడ మీ చేతిలో ఫోను పనికొస్తుంది. డబ్ల్యూడీఎం-2 తమ్ముళ్లు ఇంకా అక్కడక్కడా కనబడుతున్నాయి. ఎదుటి ప్లాట్‌ఫాం మీద నిలబడి, సూటిగా పక్క నుంచి ఒక ఫొటో తీయండి. పట్టాల మీదకు మాత్రం దిగొద్దు. ఆ ఇంజను చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1,092 మిల్లీమీటర్లు. అరుగుదల వల్ల కాస్త తేడా ఉంటుంది, ఫర్లేదు. ఫొటోలో చక్రం 100 పిక్సెళ్లు వస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు 11 మిల్లీమీటర్లు. ఇక కిటికీ, తలుపు, మెట్టు, అన్నీ మీరే కొలిచేయొచ్చు. అట్టముక్క, కత్తెర, జిగురు ఉంటే ఆదివారానికి ఇంజను రెడీ. త్రీడీ ప్రింటర్ దొరికితే ఇంకా మంచిది.

ఇంకో పని. మీ తాతగారో, పెదనాన్నగారో, పక్కింటి మావయ్యగారో రైల్వేలో చేసి ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి. ఇంజను ఏ రంగులో ఉండేది, నంబరు ఎక్కడ రాసేవారు, క్యాబ్‌లో టిఫిన్ క్యారేజీ ఎక్కడ తగిలించేవారు, అడిగి రికార్డు చేయండి. పుస్తకాల్లో దొరకనివి అవే. ఆయ్, వాళ్లు మొదలెడితే ఓ పట్టాన ఆపరు, ఫోను ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని మరీ వెళ్లండి.