బందరు ప్రయాణం నేర్పిన పాఠం

విహారయాత్ర అనగానే "చదువుకోవడానికి వచ్చారా, తిరగడానికి వచ్చారా?" అని అడిగే పెద్దలు ఉంటారు. అది కోపం కాదు, మన గురించిన భయం. అయినా ఒక్కరోజు బందరు వెళ్ళి వచ్చాక మేము ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. హాస్టల్ విద్యార్థికి ఇటువంటి యాత్ర సరదా కాదు, చదువులో భాగం.

ఛార్జీల కోసం మేము కాస్మెటిక్ డబ్బుల్లో కొంత దాచుకున్నాము. మిగిలింది మాస్టారు సర్దారు. ఆదివారం నాడు వంటవాళ్ళు తెల్లవారుజామునే లేచి పులిహోర, ఉడికించిన గుడ్లు కట్టి ఇచ్చారు. మాలో సగం మంది సముద్రాన్ని అంతకు ముందు సినిమాల్లోనే చూశారు.

గుడివాడ వైపు నుంచి వెళ్ళే దారిలో పెడన దగ్గర మొదట ఆగాము. కలంకారీ అద్దకం చేసేచోటికి వెళ్ళాము. గుడ్డను కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్ళతో నలుపు వస్తుంది. పటిక అద్దినచోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు కోసం పూర్వం చిరివేరు వాడేవారట. ఇది రసాయనశాస్త్రం కాక మరేమిటి? పుస్తకంలో అర్థం కాని పాఠం అక్కడ కళ్ళ ముందు కనిపించింది. అచ్చు వేసే ఆయన రోజంతా నిలబడే ఉంటారు. ఆయన చేతులకు అంటిన రంగు సబ్బుతో పోదు.

బందరులో దిగగానే మాస్టారు మమ్మల్ని పేటల పేర్లు అడిగి తెలుసుకోమన్నారు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం! వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది పేరున్న రేవు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి 'గ్లోబ్' ఓడ వచ్చింది. 1750లో ఊరు ఫ్రెంచివారి చేతికి పోయింది, 1759లో ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. వీళ్ళంతా ముఖ్యంగా ఈ ప్రాంతపు గుడ్డల కోసమే సముద్రాలు దాటి వచ్చారు. పొద్దున పెడనలో చూసిన చేతుల వంటి చేతులు నేసిన గుడ్డ, అద్దిన గుడ్డ అది.

తర్వాత డచ్చివారి సమాధులు చూశాము. రాళ్ళ మీద వాళ్ళ పేర్లు, వంశ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. మాతో వచ్చిన ఏడో తరగతి తమ్ముడు ఒకడు అన్నీ తిరిగి చూసి, "మాస్టారూ, మూటలు మోసినవాళ్ళ సమాధులు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. ఎవ్వరం మాట్లాడలేకపోయాము.

1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం పొంగి బందరును ముంచేసింది. ఆ ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయారు. నేతగాళ్ళు, పడవలవాళ్ళు, కూలీలు ఎందరో అందులో ఉండి ఉంటారు. వాళ్ళలో ఒక్కరి పేరైనా మాకు ఎక్కడా కనిపించలేదు. వ్యాపారానికి వచ్చినవాడి పేరు రాతి మీద నిలిచింది, పేటకూ నిలిచింది. పని చేసినవాడి పేరు మాత్రం పోయింది. మా తాతల పేర్లు కూడా ఇలాగే పోతున్నాయి కదా అని మాకు అనిపించింది.

సాయంత్రం మంగినపూడి బీచికి వెళ్ళాము. అక్కడ ఇసుక ఉండదు, నల్లమట్టి. మాస్టారు మోకాలి లోతు దాటనివ్వలేదు. కేరింతలు కొట్టాము, బట్టలన్నీ బురద చేసుకున్నాము. అది కూడా కావలసిందే.

ఇప్పుడు అసలు సంగతి. బందరులో కొత్త ఓడరేవు పనులకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. రేపు మళ్ళీ ఓడలు వస్తాయి. అప్పుడు కూడా మనకు మూటలు మోసే పనే మిగలాలా? ఓడ నడిపేవాడు, లెక్క రాసేవాడు, రేవు కట్టే ఇంజనీరు మన హాస్టల్ నుంచి ఎందుకు రాకూడదు? ఆ ఆశ పుట్టాలంటే ముందు ఆ చోటును కంటితో చూడాలి. చూడనిదాన్ని కోరుకోవడం కష్టం. డబ్బున్న ఇంటి పిల్లలకు తల్లిదండ్రులు చూపిస్తారు. మనకు హాస్టలే ఇల్లు, కాబట్టి హాస్టలే చూపించాలి.

అందుకే మా విన్నపం. ఏడాదికి ఒక్క యాత్ర అయినా అన్ని తరగతుల వారికీ ఉండాలి. ఆడపిల్లల హాస్టళ్ళకు భద్రత పేరు చెప్పి ఆపవద్దు, తోడు టీచర్లను ఇచ్చి పంపండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు తలా కొంత వేసుకుంటే ఒక బస్సు కిరాయి పెద్ద భారం కాదు. మీరు ఇదే గదుల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివినవారు. మా సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.

తమ్ముళ్ళారా, మీరు చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్యను, నాయనమ్మను, అమ్మమ్మను కూర్చోబెట్టి వాళ్ళ పేర్లు, వాళ్ళ తల్లిదండ్రుల పేర్లు, వాళ్ళు చేసిన పని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. మనవాళ్ళ కోసం ఎవరూ రాయి చెక్కలేదు. మనకు అక్షరం వచ్చింది, మనమే రాద్దాం. వచ్చే ఏడాది ఈ సంచికలో ఆ పేర్లు అచ్చు కావాలని మా కోరిక.