బ్లాకులో చవక టికెట్లు

బ్లాక్ టికెట్ అంటే మనకి తెలిసిన లెక్క ఒకటే. పెద్ద హీరో సినిమా, మొదటి రోజు, హౌస్‌ఫుల్ బోర్డు, పక్కకొచ్చి మెల్లిగా రేటు చెప్పే మనిషి. అసలు ధరకి మూడింతలు, నాలుగింతలు. ఈ లెక్క పట్టుకుని అమెరికా బేస్‌బాల్ దగ్గరకెళ్తే అంతా తలకిందులు. అక్కడ మామూలు రోజున రీసేల్ యాప్‌లో టికెట్ చాలాసార్లు టీమ్ అమ్మే రేటు కన్నా తక్కువకే దొరుకుతుంది!

కారణం, మ్యాచ్‌లు మరీ ఎక్కువ కావడం. ఐపీఎల్ లీగ్ దశలో ఒక టీమ్‌కి హోమ్ మ్యాచ్‌లు 7. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో టీమ్‌కి 81. న్యూయార్క్ యాంకీస్ స్టేడియంలో 40 వేలకు పైగా సీట్లున్నాయి. అంటే ఒక్క సీజన్‌లో 30 లక్షలు దాటిన సీట్లు అమ్మాలి. ఏప్రిల్ చలిలో, మంగళవారం రాత్రి, ఓడిపోయే టీమ్‌తో మ్యాచ్‌కి ఎవరొస్తారు చెప్పండి?

అందుకే టీమ్‌లు సీజన్ టికెట్లు అమ్ముతాయి. మొత్తం 81 మ్యాచ్‌లకీ ఒకే సీటు, డబ్బు ముందే. కానీ ఉద్యోగం, పిల్లలు ఉన్నవాడు 81 సార్లు ఎలా వెళ్తాడు? మిగిలినవి అమ్ముకోవాలి. ఒకప్పుడు ఇది గేటు బయట జరిగే వ్యాపారం. 2000లో స్టబ్‌హబ్ వచ్చి దాన్ని ఇంటర్నెట్‌లోకి తెచ్చింది. 2007లో మేజర్ లీగ్ బేస్‌బాలే స్టబ్‌హబ్‌తో ఒప్పందం చేసుకుంది. దొంగ అనుకున్నవాణ్ణి భాగస్వామిని చేసుకోవడం అన్నమాట.

అందులో తెలివి ఉంది. మిగిలిన టికెట్ అమ్ముకోవచ్చన్న ధైర్యం ఉంటేనే జనం సీజన్ టికెట్ కొంటారు. వాన పడినా, టీమ్ వరసగా ఓడినా ఆ నష్టం కొన్నవాడిదే, టీమ్ డబ్బు టీమ్‌కి వచ్చేసింది. పైగా బేస్‌బాల్‌లో ప్రకటించే హాజరు అంటే అమ్మిన టికెట్ల లెక్క, గేటు దాటిన మనుషుల లెక్క కాదు. టీవీలో సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా అంకె ఘనంగా ఉండేది అందుకే. అయితే ఖాళీ సీటు హాట్ డాగ్ కొనదు, బీరు తాగదు, పార్కింగ్ ఫీజు కట్టదు. చవక టికెట్‌తో వచ్చినవాడు ఇవన్నీ చేస్తాడు.

మరి గొడవెక్కడ? టికెట్ అంటే మిర్చిబజ్జీ లాంటిది, చల్లారితే ఎవరికీ అక్కర్లేదు. మ్యాచ్ దగ్గరపడే కొద్దీ అమ్మేవాడు రేటు దించుతాడు. పక్క సీటువాడు సగం ధరకే వచ్చి కూర్చుంటే, పూర్తి డబ్బు కట్టినవాడు వచ్చే ఏడాది మళ్లీ ఎందుకు కడతాడు? టీమ్‌కి అసలు దెబ్బ ఇక్కడే.

యాంకీస్ ఈ విషయంలో గట్టిగా పోరాడింది. స్టబ్‌హబ్‌ని వదిలేసి, టికెట్‌మాస్టర్‌తో సొంత రీసేల్ పెట్టి, ఇంతకన్నా తక్కువకి అమ్మకూడదని కనీస ధర కట్టింది. 2016లో ఇంట్లో ప్రింట్ తీసుకునే టికెట్లు కూడా ఆపేసింది. నకిలీల బెడద అని పైకి చెప్పారు. కానీ టీమ్ పెద్ద అధికారి లాన్ ట్రోస్ట్ రేడియోలో మాట జారాడు. అలా చవకగా కొనేవాడు ప్రీమియం సీట్లో ఎప్పుడూ కూర్చోనివాడు కావచ్చు, పూర్తి ధర కట్టిన పక్కవాడికి చిరాకు అన్నట్టు మాట్లాడాడు. టీవీ కమెడియన్ జాన్ ఆలివర్ ఊరుకుంటాడా? ఖరీదైన సీట్లు కొన్ని కొని పావు డాలర్‌కే ఇచ్చేశాడు. షరతు ఒకటే, అలాంటి సీట్లో ఎప్పుడూ కూర్చోనట్టుండే వేషంలో రావాలి. చిత్రవిచిత్ర వేషాలతో జనం వచ్చి కూర్చున్నారు. ఆ ఏడాదే యాంకీస్ మళ్లీ స్టబ్‌హబ్‌తో చేతులు కలిపింది.

శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ దారి వేరు. బ్లాకువాడి విద్యనే నేర్చుకుంది. 2009లో కొన్ని సీట్లకి, 2010లో స్టేడియం మొత్తానికి డిమాండ్‌ని బట్టి మారే ధరలు పెట్టింది, విమానం టికెట్లలాగా. పెద్ద మ్యాచ్‌లో బయటివాడు తినే లాభం ఇప్పుడు చాలావరకు టీమ్‌కే పోతుంది. వ్యాపారంగా సబబే. కానీ యాంకీస్, రెడ్ సాక్స్ లాంటి మ్యాచ్‌కి మామూలు రేటులో టికెట్ కోసం చూసే కుర్రాడికి ఆ లాభం ఎవరి జేబులో పడితే ఏంటి? రెండు చోట్లా అతనే ఎక్కువ కట్టాలి. అతనికి మిగిలేది ఆ మంగళవారం చలి మ్యాచే.

చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లినవాళ్లు ఆ చలి మ్యాచ్‌నే పట్టుకోండి. 2023 నుంచి లీగ్ అధికారిక రీసేల్ యాప్ సీట్‌గీక్. ఆట మొదలయ్యే ముందు గంటలో ఒకసారి చూడండి. ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరని మొదటే చూపించాలని 2025 మే నుంచి అక్కడ రూల్ ఉంది, కాబట్టి చివరి స్క్రీన్‌లో షాక్ కొట్టే బాధ తగ్గింది.