కులం అద్దె ఏ పట్టికలో ఉంది?

ఆఫీసుకు పోనక్కర్లేదు, ఎక్కడున్నా కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు, జీతం వస్తుంది అనే కొలువులు 2020 మార్చి లాక్‌డౌన్‌తో మన దేశంలో ఒక్కసారిగా పెరిగాయి. తర్వాత చాలా కంపెనీలు మళ్లీ ఆఫీసులకు రమ్మన్నా ఆ పని పూర్తిగా పోలేదు. మన గూడేల నుంచి డిగ్రీలు, బీటెక్కులు చదివిన పిల్లలూ కొందరు ఇందులో ఉన్నారు. వాళ్లకిప్పుడు అందరూ ఒక లెక్క చెప్తున్నారు. హైదరాబాదులో అద్దె ఇంత, బెంగుళూరులో ఇంత, విశాఖలో ఇంత, సొంతూళ్లో సున్నా. ఎక్కడ చవకో అక్కడ ఉండండి, మిగిలింది దాచుకోండి అని.

లెక్క రాసేవాడి చేతిలో మోసపోయిన జనం మనం. అందుకే లెక్కను కాదనం. ఈ లెక్క ఎవరింట్లో కూర్చుని రాశారన్నదే మా ప్రశ్న.

సర్కారుకూ ఒక లెక్కుంది. కేంద్ర ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం ఇవ్వడానికి ఊళ్లను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేసింది. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై మొదటి తరగతి. విజయవాడ, విశాఖ, గుంటూరు, వరంగల్లు రెండోది. చిన్న ఊళ్లు మూడోది. 2024 జనవరిలో ఆ భత్యం మూల వేతనంలో 30, 20, 10 శాతానికి చేరింది. అంటే 30,000 మూల వేతనం ఉన్నాయనకు హైదరాబాదులో 9,000, గుంటూరులో 6,000, చిన్న ఊళ్లో 3,000. ఊరు మారితే అద్దె మారుతుందని సర్కారుకు తెలుసు. కులం మారితే అద్దె మారుతుందని ఏ వేతన సంఘానికీ తెలియదు.

ఎట్లా మారుతుందో చూడండి. బెంగుళూరులో పది నెలల అద్దె ముందే అడ్వాన్సుగా కట్టించుకోవడం పాత అలవాటు. ఈమధ్య కొందరు తగ్గించారు గానీ అలవాటు పోలేదు. హైదరాబాదులో మామూలుగా రెండు నెలలది అడుగుతారు. నెలకు 15,000 అద్దె అనుకుందాం. పది నెలలంటే లక్షన్నర. పొలమున్న తండ్రి ఆ లక్షన్నర కొడుకు చేతిలో పెడతాడు. మనవాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. నెలకు 3,000 వడ్డీ. అదే ఇల్లు, అవే గోడలు, ఆ పక్కింటాయనకు 15,000, మనవాడికి 18,000. ఇది ఏ పట్టికలో ఉంది?

అదీ ఇల్లు దొరికితే. టు-లెట్ బోర్డు చూసి లోపలికి పోయినవాణ్ని జీతమెంత అని తర్వాత అడుగుతారు. ముందు ఇంటిపేరు అడుగుతారు. మీరేమిట్లు అంటారు. అట్లా అడగడం మోటనుకునే చదువుకున్న ఇంటాయన, చర్చికెళ్తారా అని అడుగుతాడు. నీచు వండుతారా అంటాడు. అన్నీ ఒకటే ప్రశ్న. నిజం చెప్తే, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయారంటాడు. బోర్డు మాత్రం నెల తర్వాత కూడా వేలాడుతుంటుంది. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల సంగతి మీద సుఖదేవ్ థోరట్, ఆయన తోటివాళ్లు 2015లో అచ్చువేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది. పేరును బట్టి జవాబు మారుతోంది. దళితులకూ ముస్లింలకూ తలుపు మూసుకుంటోంది.

ఇది కొత్త సంగతా? అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానం కొలువుకు వచ్చిన బాబాసాహెబ్‌కు ఆ పట్నంలో అద్దెకు గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పి, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి పోయాడు. తానే రాసుకున్నాడీ సంగతి. బరోడాలో గది ఖరీదు రోజుకు రూపాయిన్నరా, పేరా?

మన పిల్లలు ఇప్పటికీ ఆ పేరే కట్టుకుంటున్నారు. ఆఫీసుకు పోయేవాడు పగలంతా బయట ఉండి, రాత్రికి మాత్రం ఆ ముసుగు వేసుకుంటాడు. ఇంటినుంచే పనిచేసేవాడికి ఇరవై నాలుగ్గంటలూ అదే ఇల్లు, అదే ముసుగు. పెద్దకూర వండుకోవాలంటే కిటికీలు మూయాలి. కంపెనీ మీటింగులో కెమెరా పెట్టమంటే, వెనక గోడమీద అంబేద్కర్ పటం కనబడకుండా కుర్చీ తిప్పుకునే పిల్లలున్నారు. వాళ్లను తప్పుపట్టకండి. ఉద్యోగమూ ఇల్లూ రెండూ పోతాయనే భయం ఉత్త భయం కాదు.

రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కులం చూడొద్దంది. అద్దె ఇంటి పేరు అక్కడ లేదు. ఇంటాయనకు అదే ధీమా.

అయినా పట్నాన్ని తిట్టి ఊరుకోం. చెన్నైలో 2013లో అమ్మ క్యాంటీన్లు పెట్టి రూపాయికి ఇడ్లీ పెట్టారు. హైదరాబాదులో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. బెంగుళూరు ఇందిరా క్యాంటీన్లు 2017లో టిఫిను ఐదుకు, భోజనం పదికి పెట్టాయి. ఆ వరసలో నిలబడ్డవాణ్ని మీరేమిట్లు అని ఎవడూ అడగడు. ఐదు రూపాయల కన్నా ఆ అడగకపోవడమే మాకు విలువైంది.

మరి సొంతూరు? అద్దె సున్నా అంటారే, అక్కడ ఏముంది? మేడమీద ఖాళీ గది ఉన్నవాడికి సున్నా. కాలనీ ఇంట్లో ఒక్క గదిలో ఆరుగురుంటే, బల్ల ఎక్కడ వేస్తాడు? మే నెల రేకుల కింద ఎనిమిది గంటలు ఎట్లా కూర్చుంటాడు? ఆడపిల్లయితే ఇంకా ఘోరం. ఇంట్లోనే ఉంది గదా అని నీళ్లు, వంట, పిల్లలు అన్నీ ఆమె నెత్తినే. ఆమె పని పనే కాదు వాళ్ల దృష్టిలో.

ఊరు చవకని చెప్పేవాళ్లు ఇంకోటి మర్చిపోతున్నారు. 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పరుగెత్తారు. చాలామంది ఆ ఊరికి తిరిగి పోక, చీరాలలోనే కొత్త కాలనీ కట్టుకున్నారు. 1991 ఆగస్టులో చుండూరు మాలలకు తెనాలి దిక్కయింది. మనవాళ్లు పట్నం పోయింది ఖర్చు లెక్కేసుకుని కాదు.

కనుక సంఘం కార్యకర్తలకు మా మాట ఇది. ఎవరో రాసిన పట్టిక మనకొద్దు, మనమే ఒకటి రాద్దాం. పట్నాల్లో ఉన్న మన పిల్లల్ని అడగండి. ఏ పేటలో మనకు ఇల్లిస్తున్నారు, అడ్వాన్సు ఎంత, ఇంటాయన ఏమడిగాడు, ఎన్ని ఇళ్లు తిరిగితే ఒకటి దొరికింది. కాగితం మీద పెట్టి, కొత్తగా పోయేవాళ్లకు ఇవ్వండి. కులం చూసి అద్దెకివ్వననేవాళ్ల మీద చర్య తీసుకోమని అడగడానికీ ఆ కాగితమే సాక్ష్యం. చదువు అయిపోగానే హాస్టలు నుంచి బయటికి పంపేసే సాంఘిక సంక్షేమ శాఖను, మొదటి రెండేళ్లయినా ఉద్యోగం చేసే పిల్లలకు పట్నంలో వసతి ఇమ్మని అడుగుదాం.

ఊళ్లో ఉండక తప్పని పిల్లల సంగతి మన చేతిలోనే ఉంది. చాలా గూడేల్లో అంబేద్కర్ భవనమో, కమ్యూనిటీ హాలో ఉంది. జయంతికీ వర్ధంతికీ తప్ప తలుపు తీయరు. నాలుగు బల్లలు, రెండు ఫ్యాన్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షను పెడితే పదిమంది అక్కడే కూర్చుని పనిచేసుకుంటారు, ఆడపిల్లలూ వస్తారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ పక్షంలోనే కనుక్కోండి. పంచాయతీ దగ్గరుంటే పదిమందీ కలిసి పోయి అడగండి.