కర్రలు ఇస్తే సరిపోదు

మన హాస్టల్లో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు మంచి హాకీ ఆటగాళ్లు తేలుతారు. పదో తరగతి పరీక్షలు అయ్యాక ఇక కనిపించరు. మా బ్యాచ్‌లో ఒక ఫార్వర్డ్ ఉండేవాడు. బంతి దొరికిందా, ఇక ఎవరికీ ఇచ్చేవాడు కాదు. జిల్లా జట్టుకు కూడా ఎంపికయ్యాడు. పరీక్షలయ్యాక తాపీ పనికి పోయాడు. పట్టుదల లేదని అందరూ అన్నారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా సంగతి చూడండి. ఆదివాసీ పల్లెలు. అక్కడ ఊళ్ల మధ్య జరిగే హాకీ పోటీల్లో గెలిచిన జట్టుకు బహుమతి మేక. కప్పు కాదు, మేకే! (అది మర్నాటిదాకా ఉండదనుకోండి.) అలా ఆడుతూ పెరిగిన పిల్లల కోసం రూర్కెలాలోని పాన్‌పోష్‌లో 1985 నుంచి ప్రభుత్వ స్పోర్ట్స్ హాస్టల్ నడుస్తోంది. మంచం, తిండి, చదువు, కోచ్ అన్నీ ఒకేచోట. సౌనామారా అనే పల్లె నుంచి అక్కడికి వచ్చిన దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడాడు. 2004లో ఏథెన్స్‌లో మన జట్టు కెప్టెన్ ఆయనే. అదే ఊరివాడు, అదే హాస్టల్లో తయారైనవాడు అమిత్ రోహిదాస్. టోక్యోలోనూ, 2024 పారిస్‌లోనూ కాంస్యం తెచ్చిన జట్లలో ఉన్నాడు. తమ ఊరి కుర్రాడు నడిచిన దారి కనుక తల్లిదండ్రులు ధైర్యంగా పంపుతారు. ఎన్ని గోడపత్రికలు అంటించినా ఆ నమ్మకం రాదు.

రప్పించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. బాగా ఆడేవాళ్లకు రైల్వే, ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలు ఉద్యోగాలిస్తాయి. పదహారేళ్ల కొడుకును ఇంకో రెండేళ్లు ఆడనిద్దామా అని తండ్రి ఆలోచించేటప్పుడు ఆయన కళ్లముందు ఉండేది గోల్‌పోస్టు కాదు, ఆ ఉద్యోగం.

కెనడాలో ఆడేది మంచు మీది హాకీ. అక్కడి పెద్ద జూనియర్ లీగుల్లో ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్లను జట్లు ఆ ఊరి కుటుంబాల ఇళ్లలో ఉంచుతాయి. ఒక సీజన్ ఆడితే ఒక ఏడాది కాలేజీ ఫీజు కడతామని ఒప్పుకుంటాయి. అయినా ఆ లీగుల్లో ఆడినవాళ్లను అమెరికా కాలేజీ జట్లు చాలాకాలం చేర్చుకోలేదు. అందుకే ఆ లీగులకే వెళ్లని మంచి ఆటగాళ్లు ఉండేవారు. ఆ నిబంధనను 2024 నవంబరులో మార్చారు, 2025 ఆగస్టు నుంచి అమలైంది. డబ్బున్న దేశంలోనే చదువు సంగతి తేల్చుకుంటుంటే, మనవాళ్లు అడగడం తప్పా?

కర్రలు కొనిస్తామంటున్న పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మాట. కర్రలు వద్దనను. కాని పదో తరగతి మొదలవకముందే ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లి, ఇంటర్ ఎక్కడ, ఉండేది ఎక్కడ, ఫీజు ఎవరు కడతారు అన్నది చెప్పే మనిషి కావాలి. స్పోర్ట్స్ కోటాకు ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో ఉద్యోగాల్లో ఉన్న మీకు తెలుసు, పాపం వాళ్ల నాన్నకు తెలియదు. ఈసారి జట్టులో తొమ్మిదో తరగతివాళ్లు నలుగురున్నారు. వేసవి సెలవుల్లో వాళ్ల ఊళ్లకు వెళ్దాం. రెండిళ్లకు నేను వస్తాను.