ఆఫీసుకెళ్ళే ఆడదేనా కొంపలు కూల్చేది?

మొన్న మన సంగం గ్రూపులో ఒక పెద్దాయన ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. టీవీ సీరియళ్ళు చూసి మన ఆడపిల్లలు మొగుళ్ళను వదిలేసి పోవడం నేర్చుకుంటున్నారట. ‘పాక్కియలక్ష్మి’ లాంటి సీరియల్ అయిదేళ్ళు ఇంటింటా ఓడింది గనకే మన వరన్ రిజిస్టరులో విడాకులైన వాళ్ళ పేర్లు జాస్తి అయ్యాయట. వచ్చే జనరల్ బాడీలో సంగం తరఫున ఖండన తీర్మానం పెట్టాలట. కింద నలభై మంది దాకా దండం బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఆ సీరియల్ మీద నాకూ కోపమే. కానీ పెద్దాయన కోపం ఒక దిక్కు, నాది ఇంకో దిక్కు. అది మన ఆడవాళ్ళను మరీ మోడరన్ చేసేస్తోందని ఆయన బాధ. అందులో మోడరన్ ఎక్కడుందో చూపించండి అని నా బాధ.

ముందు కథ తెలియని వాళ్ళకు. ఇది మన మద్రాసులో పుట్టిన కథ కాదు. 2019లో బెంగాలీలో ‘శ్రీమయీ’ అని వచ్చింది. అదే కథ మరాఠీలో ‘ఆయీ కుఠే కాయ్ కర్తే’, హిందీలో ‘అనుపమా’, తెలుగులో ‘ఇంటింటి గృహలక్ష్మి’, మలయాళంలో ‘కుడుంబవిళక్కు’, తమిళంలో 2020 జూలై నుంచి 2025 దాకా ‘పాక్కియలక్ష్మి’. ఇంటి చాకిరీ అంతా చేసే ఒక ఇల్లాలు, ఆమెను నలుగురిలో చూపించుకోవడానికి సిగ్గుపడే మొగుడు, ఆ మొగుడికి ఇంకో ఆడది, నిజం బయటపడ్డాక ఇల్లాలు తన కాళ్ళమీద తాను నిలబడడం. ఇంతే. ఒక్కో ఊరి ఇల్లు, ఒక్కో ఊరి చీర కట్టు, వంట మారింది. నేను తమిళం పూర్తిగా చూశాను. తెలుగుది మా వదిన ఇంటికి పోయినప్పుడల్లా చూశాను. హిందీది అక్కడక్కడా.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. ఆ ‘ఇంకో ఆడది’ ఎవరు? బెంగాలీలో మొగుడి ఆఫీసులో పనిచేసే ఆవిడ. మరాఠీలో ఆఫీసులో పనిచేసే ఆవిడ. హిందీలో కావ్య, ఆఫీసే. తెలుగులో లాస్య, ఆఫీసే. తమిళంలో కొంచెం మార్చి రాధికను గోపికి కాలేజీ నాటి ప్రేమ అన్నారు, ఒంటరిగా కూతుర్ని పెంచుకునే తల్లి అన్నారు. అయినా ఆమెదీ ఉద్యోగమే. అంటే దేశం మొత్తానికి ఒకే పాఠం: ఇంట్లో సాంబారు కలిపే ఆడది దేవత, పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బస్సెక్కే ఆడది ఇంకొకరి కొంప కూలుస్తుంది. ఇది మోడరన్ ఆడవాళ్ళ కథట! మా అమ్మమ్మకు చెప్పి ఉంటే ‘ఈ మాట నేను ఎప్పుడో అన్నానే’ అనేది.

నేను బ్యాగు తగిలించుకున్న ఆడదాన్ని. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో గుమాస్తాగా చేశాను. బీచ్-తాంబరం ఎలక్ట్రిక్ ట్రైనులో లేడీస్ పెట్టెలో మేము ఏం చేసేవాళ్ళమో ఏ సీరియలూ చూపలేదు. పొద్దున పిల్లలకు డబ్బా కట్టి, అత్తగారికి మాత్రలు తీసిపెట్టి, జడ సగం అల్లుకుని పరుగెత్తి ఎక్కి, మిగతా సగం ట్రైనులో అల్లుకునేవాళ్ళం. సాయంత్రం తిరుగు ట్రైనులో ఒళ్ళో పేపరు పరుచుకుని చిక్కుడుకాయ తుంచేవాళ్ళం. తై నెలలో అనపకాయలు ఒలుచుకునేవాళ్ళం. పక్క సీటావిడ కూడా నాలుగు ఒలిచి ఇచ్చేది. ఇంకొకరి మొగుణ్ణి తీసుకుపోవడానికి మాకు టైము ఎక్కడిది అన్నలారా? ఆరూ ఇరవై ట్రైను తప్పితే అడుగు తర్వాత అడుగుకి గుండె దడ, ఇంట్లో పొయ్యి వెలగదు గనక.

ఆఫీసుల్లో తప్పుడు పనులు జరగవని నేను అనడం లేదు. జరుగుతాయి. ఇంట్లోనూ జరుగుతాయి, గుళ్ళోనూ జరుగుతాయి. కానీ ఆరు భాషల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ ముఖానికి ఒకే రంగు పూస్తే అది కథ కాదు, ముద్ర. ఆ ముద్ర చూసిన మామియార్లే రేపు మన రిజిస్టరు తిరగేసేది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగులో తులసి వేషం వేసిన కస్తూరి గారు 2024 నవంబరులో ఇక్కడి తెలుగువాళ్ళ పూర్వీకుల గురించి సభలో ఒక మాట అన్నారు. మనం ఊరుకున్నామా? పోలీసు కంప్లయింట్ల దాకా పోయింది, ఆవిడ మాట వెనక్కి తీసుకున్నారు, అరెస్టు కూడా అయ్యారు. మన సంగాల వాళ్ళందరూ ఎగిరి గంతేశారు. సరే, మన మానం మనకు ముఖ్యమే. మరి మన ఇళ్ళలో సంపాదించే ఆడవాళ్ళను వారానికి అయిదారు రోజులు, ఏళ్ళ తరబడి టీవీలో కొంపలు కూల్చే వాళ్ళుగా చూపిస్తే ఒక్క అన్నకైనా రోషం రాలేదేం? వచ్చిన రోషం కూడా ఇల్లాలు మొగుణ్ణి వదిలినందుకు వచ్చింది.

ఇప్పుడు డబ్బు లెక్కకు వస్తాను. ఇక్కడే నా అసలు కోపం. గుమాస్తా బుద్ధి, లెక్క కనపడితే వదలదు.

తమిళ సీరియల్‌లో విడాకుల తర్వాత ఇంటి మీద తాను పెట్టిన డబ్బు తిరిగి ఇమ్మని గోపి అడుగుతాడు. పాక్కియా ఏమంటుంది? కష్టపడి సంపాదించి నీ డబ్బు నీ ముఖాన కొడతాను అన్న రీతిలో శపథం చేస్తుంది. వెనక వీణ, తాళం, మృదంగం. చూసే ఆడవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు. నాకు మాత్రం రిమోట్ విసిరేయాలనిపించింది. ఎవరు ఎవరికి బాకీ?

లెక్క వేద్దాం. కేంద్ర ప్రభుత్వం 2019లో టైమ్ యూజ్ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97. (2024లో మళ్ళీ చేశారు. 289, 88 అని వచ్చింది. అయిదేళ్ళలో మగవాళ్ళ వంతు ఇంకో తొమ్మిది నిమిషాలు తగ్గింది, వాళ్ళను మెచ్చుకోవాలి.) 299 నిమిషాల లెక్కన ఏడాదికి 1,818 గంటలు చిల్లర. పాతికేళ్ళ కాపురానికి సుమారు 45,470 గంటలు. గంటకు 50 రూపాయలే వేయండి, మద్రాసులో ఈ రేటుకు మనిషి దొరకదు. 22 లక్షల 73 వేలు దాటుతుంది. పండగలకు బోనస్ లేదు, ఓవర్‌టైమ్ లేదు, లీవు లేదు. అంత కుటుంబానికి రోజుకు అయిదు గంటల్లో వంట కూడా కాదని మనకు తెలుసు. ఇంత రావలసిన మనిషి, ఇవ్వవలసినవాడికి అప్పు తీరుస్తానని శపథం చేస్తే దాన్ని ‘సుయమరియాదై’ అని చూపించారు. స్వాభిమానం అంటే హక్కును వదిలేయడమా? అలా వదిలేస్తే లాభం ఎవరికి?

చట్టం ఇంత చేతకానిదిగా లేదు. సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో ఇల్లాలి పనికి విలువ కట్టాల్సిందే అంది. అందులో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి.రమణ గారు విడిగా రాసిన తీర్పులో పైన నేను చెప్పిన 299, 97 అంకెలే చూపించారు. ఇంకా దగ్గరిది చెప్తాను. 2023 జూన్‌లో మన మద్రాసు హైకోర్టులో జస్టిస్ కృష్ణన్ రామసామి గారి తీర్పు. భర్త సౌదీలో పనిచేశాడు, భార్య ఇక్కడ నెయ్వేలి పక్క పిల్లలనూ ఇంటినీ చూసుకుంది. అతను పంపిన డబ్బుతో ఆస్తులు కొన్నారు. ఆ తర్వాత అంతా నాదే అని అతను కోర్టుకెక్కాడు. ఇంటిపని సెలవు లేని 24 గంటల పని, ఆ పని లేకపోతే అతను సంపాదించి ఉండలేడు, కాబట్టి కొన్ని ఆస్తుల్లో ఆమెకు సమాన వాటా ఉందని జడ్జి గారు తేల్చారు. ఆ కేసు పేరులో ఉన్నది ఒక నాయుడు గారే. మన ఇంటి కథే అన్నమాట. సీరియల్ రాసేవాళ్ళకు ఇంతకన్నా కథ కావాలా? అప్పటికి సీరియల్ ఇంకా నడుస్తోంది. పాక్కియా ఆ తీర్పు పేపరు ఒక్కసారి చేత్తో పట్టుకుని ఉంటే, ఆ వారం తమిళనాడులో ఎన్ని లక్షల ఇళ్ళకు ఆ సంగతి చేరేది! చేరలేదు. మసాలా పొట్లాలు చేరాయి.

నేను ఆఫీసులో చాలా ఏళ్ళు సెటిల్మెంట్ కాగితాలు చూశాను. చనిపోయిన ఉద్యోగి భార్య నల్లపూసలు తీసిన మెడతో ఎదురుగా కూర్చుంటుంది. ‘మీ ఆయన బేసిక్ ఎంతమ్మా’ అంటే తెలియదు. నామినేషన్ ఎవరి పేరున ఉందో తెలియదు. ఇల్లు ఎవరి పేరున ఉందంటే, ‘ఆయన చూసుకునేవారు’. ఫ్యామిలీ పెన్షన్ మామూలు రేటు ఆఖరి బేసిక్‌లో 30 శాతం అని చెప్తే, అంతేనా అని చూసేది. ఒక్కోసారి ఇంకో ఆవిడ కూడా వచ్చి కూర్చునేది. ఆమె చేతిలోనూ పెళ్ళి ఫోటో. అప్పుడు కన్నీళ్ళకు ఫైలులో చోటు లేదు, కాగితానికే చోటు. అందుకే సీరియల్‌లో ఇల్లాలు ఏమీ అడక్కుండా, ఏ కాగితమూ చూడకుండా తలెత్తుకుని నడిచే సీను వచ్చినప్పుడల్లా నాకు ఆ కుర్చీ గుర్తొస్తుంది. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ప్రకారం విడాకులప్పుడు శాశ్వత భరణం అడగవచ్చు. అడగడం బిచ్చం కాదు.

మంచి లేదా అంటే ఉంది. మధ్య వయసులో ఆమె స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోవడం నాకు నచ్చింది. నేను తమిళ మీడియం, ఆఫీసులో మొదటి ఇంగ్లీషు లెటరు డ్రాఫ్టు చేసేటప్పుడు చేతులు ఎలా వణికాయో నాకు తెలుసు. తెలుగు అక్షరాలు కూడా పెళ్ళయ్యాకే నేర్చుకున్నాను. కానీ ఇంగ్లీషు నేర్చాక ఆమె చేసిందేమిటి? మళ్ళీ వంటే. మసాలా, క్యాటరింగు, క్యాంటీను. రాధిక పనిచేసే ఆఫీసులోకి కూడా గరిట పట్టుకునే అడుగుపెట్టింది. వంట గొప్ప పనే, దాని మీద బతికేవాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరికీ విముక్తి వంటింటి గుండానే ఎందుకు రావాలి?

పాతవాళ్ళకు ఇంత భయం లేదు. 1974లో బాలచందర్ గారు ‘అవళ్ ఒరు తొడర్‌కదై’ తీశారు, 1976లో తెలుగులో ‘అంతులేని కథ’. సంపాదించే ఆడదే నాయిక, ఆమె జీతం మీద ఇల్లంతా పడి తినేది. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పనిచేసిన మనిషి ఆయన, నెలాఖరు అంటే ఏమిటో తెలుసు. 2003 నుంచి 2009 దాకా ఓడిన ‘కోలంగళ్’లో కూడా అభి కట్టడాల వ్యాపారం చేసింది. ఏడుపు అందులోనూ బోలెడు, కాదనను. కానీ ఆమె ఇటుక, సిమెంటు గురించి మాట్లాడేది. ఇరవై ఏళ్ళు గడిచాక మనం మళ్ళీ మిక్సీ దగ్గరికి వచ్చాం.

‘సీరియలే కదా, దీనికింత రాద్ధాంతమా’ అనేవాళ్ళకు ఒక్క మాట. సీరియలే కదా అయితే ఖండన తీర్మానం ఎందుకు? మన ఆడపిల్లలు టీవీ చూసి మొగుళ్ళను వదలడం లేదు. కొడితే వదులుతున్నారు, తాగితే వదులుతున్నారు, జీతం ఏటీఎం కార్డు లాక్కుంటే వదులుతున్నారు. ఆ రిజిస్టరును మూడేళ్ళు నేను రాశాను, కారణాలు నాకు చెప్పుకున్నారు, పెద్దాయనకు చెప్పుకోలేదు.

అందుకని నేను కూడా జనరల్ బాడీకి లెటరు ఇస్తున్నాను. తీర్మానం పెట్టేటట్లయితే ఇవి పెట్టండి. ఒకటి, వరన్ ఫారంలో ‘ఇంట్లో ఉండే పిల్ల కావాలి’ అని రాసే మగపిల్లవాడి వాళ్ళు, ఆ పిల్ల పేరున ఏం పెడతారో పక్క గడిలో రాయాలి. ఇల్లా, డిపాజిట్టా, ఏదైనా సరే. గడి ఖాళీగా వదిలితే ఫారం తీసుకోకూడదు. ఇంకొకటి, పొంగల్ కలయికలో కోలం పోటీ అయ్యాక ఒక గంట వకీలును పిలిచి ఆ 2023 తీర్పు మన భాషలో చెప్పించాలి. వకీలు ఫీజు నా పెన్షన్‌లో నుంచి ఇస్తాను, సంగం డబ్బు అక్కర్లేదు. మగవాళ్ళు కూడా కూర్చోవాలి, బయట కాఫీ దగ్గర నిలబడి కాదు.

సంతకాలకు లెటరు మా ఇంట్లోనే ఉంది. ఆదివారం పదకొండు లోపల రండి. వచ్చేటప్పుడు ఇంటి పత్రం ఎవరి పేరున ఉందో ఒక్కసారి బీరువా తీసి చూసి రండి అక్కయ్యలూ.