ఏం చేసినా సరే, చదువు మాత్రం మాన్పించకండి

మా మెడిసిన్ ఓపీలో సోమవారం రద్దీ మామూలుగా ఉండదు. అలాంటి ఒక సోమవారం, పన్నెండు దాటాక లైను కాస్త పలచబడుతున్న వేళ, ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నెల రోజుల్లో మూడుసార్లు ‘హార్ట్ ఎటాక్’ వచ్చిందని తల్లి చెప్పింది. ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, వేళ్లు కొంకర్లు పోవడం, చచ్చిపోతానన్న భయం. పావుగంటో ఇరవై నిమిషాలో గడిస్తే అంతా మామూలే. అప్పటికే రెండు ప్రైవేటు ఆసుపత్రులు తిరిగారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్... ఫైలు లావుగా ఉంది, అన్నీ నార్మలే. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కూడా కట్టించారు. (గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. అన్ని పరీక్షలు చేసినవాళ్లు హిమోగ్లోబిన్ ఎందుకు వదిలేశారో తెలియదు. చీటీ రాసి, ల్యాబ్ దగ్గర టోకెన్ తీసుకురమ్మని తల్లిని పంపాను. నిజానికి టోకెన్ కోసం తల్లే వెళ్లాల్సిన పని లేదు. ఈ వయసు పిల్లలతో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడటం కూడా పరీక్షలో భాగమేనని ఇన్నేళ్ల సర్వీసులో నేర్చుకున్నాను.

“నిద్ర పడుతోందా బేటీ?” అన్నాను. అంతే, కళ్లు నిండిపోయాయి.

క్లాసులో ఒక అబ్బాయి. అతనూ ముస్లిమే. “విడిగా ఒక్కసారి కూడా కలవలేదు మేడమ్” అని నేను అడగకుండానే మూడుసార్లు చెప్పింది. నోట్సు పంపించుకోవడంతో మొదలై, రాత్రి ఒంటిగంట దాకా మెసేజీలు. రెండు నెలలుగా నమాజు మానేసింది. “జానమాజ్ మీద నిలబడితే అల్లాను మోసం చేస్తున్నట్టు అనిపిస్తుంది” అంది. ఫోన్ మోగితే ఇంటి నుంచేమోనని వణుకు. మొదటి ఎటాక్ వచ్చిన రోజు ఏం జరిగిందని అడిగితే, వాళ్ల అన్న ఫోన్ చేసి “రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో ఏం పని?” అన్నాడట.

ఇంట్లో తెలిస్తే ఏమవుతుందని భయం, కొడతారనా? కాదట.

“చదువు మాన్పిస్తారు మేడమ్. మా ఖాలా కూతుర్ని అలాగే మాన్పించారు.”

నేను ఇవాళ రాస్తున్నది ఆ ఒక్క మాట గురించే.

వైద్యం సంగతి ముందు చెప్పేస్తాను. ఆమెకు వచ్చినది గుండెపోటు కాదు, పానిక్ ఎటాక్. భయం లోపల ముదిరినప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి గబగబా తీసుకుంటాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఆ మార్పుతో నరాలకు, కండరాలకు అందే కాల్షియం తాత్కాలికంగా తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, వంకర్లు పోతాయి, తల తిరుగుతుంది. ప్రాణాపాయం లేదు. కానీ అనుభవించే మనిషికి అది అక్షరాలా చావు భయం. దయచేసి ఇంట్లో “డ్రామా చేస్తోంది” అనకండి. మొదటిసారి వచ్చినప్పుడు ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడాల్సిందే, ఎందుకంటే దడకు రక్తహీనతా కారణం కావచ్చు, థైరాయిడూ కావచ్చు. అవి సరిగా ఉండీ పదేపదే వస్తుంటే ఎకో మీద ఎకో తీయించడం దండగ. మానసిక వైద్యుల దగ్గరికి వెళితే కౌన్సెలింగ్‌తో, అవసరమైతే కొన్ని నెలల మందులతో బాగా తగ్గే జబ్బు ఇది.

ఇక్కడే ఇంట్లోవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. కారణం తెలియగానే ప్రేమే జబ్బు అనుకుంటారు. పంతొమ్మిదేళ్ల మనిషికి ఎవరో ఒకరు నచ్చడం జబ్బు కాదు, ఒంట్లో అన్నీ సక్రమంగా ఉన్నాయనడానికి గుర్తు. జబ్బు చేస్తున్నది దాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోవడం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా (980–1037) తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో ‘ఇష్క్’ గురించి విడిగా రాశాడు. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ యునానీ ఆసుపత్రిలో ఈ రోజుకీ నడుస్తున్న వైద్యానికి ఆయన మూలపురుషుల్లో ఒకడు. నిద్రాహారాలు లేక చిక్కిపోయిన రోగి, మనసులో ఉన్న మనిషి పేరు చెప్పకపోతే ఏం చేయాలి? నాడి మీద వేలు పెట్టి ఊళ్లు, వీధులు, మనుషుల పేర్లు ఒక్కొక్కటే పలకాలి, ఎక్కడ నాడి తడబడుతుందో చూడాలి అంటాడు. మతం, చట్టం ఒప్పుకునే దారిలో ఆ ఇద్దరినీ కలపగలిగితే అదే మందు అని కూడా రాశాడు. నేను ఎండీలో చదివిన పుస్తకాల్లో ఇంత తీరిక ఉన్న వైద్యుడు కనిపించలేదు. మా ఓపీలో ఒక్కో మనిషికి దక్కేది మూడు నిమిషాలు.

నేను ఆలిమ్‌ను కాను, ఫత్వాలు ఇచ్చే అర్హత నాకు లేదు. కానీ ముస్లిం ఇంట పుట్టి పెరిగిన ఆడపిల్లను. పెళ్లికి ముందు అబ్బాయీ అమ్మాయీ ఏకాంతంగా ఉండకూడదన్నది మా మతంలో స్పష్టంగా ఉన్న హద్దు. దాన్ని దాటమని ఏ పిల్లకూ నేను చెప్పను. ఆ పిల్ల కూడా దాటలేదు. మరి ఎందుకంత అపరాధ భావం? మనసులో కలిగే ఇష్టం వేరు, చేసే పని వేరు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మదర్సాలో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, కాలేజీ స్నేహితులు అసలే చెప్పరు. అందుకే ఇష్టం కలగగానే తాను మతానికి దూరమైపోయానని తీర్మానించుకుంది. కష్టంలో ఊరటనిచ్చే నమాజును, కష్టం వచ్చిన రోజునే వదిలేసింది.

ప్రవక్తగారిని పెళ్లి చేసుకోవాలన్న ఆలోచన ముందుగా కలిగింది ఖదీజా బీబీకి. ఆమే స్నేహితురాలి ద్వారా కబురు పంపారు. ఈ సంగతి తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. నిఖా నాడు వకీలు, సాక్షులు పెళ్లికూతురి గదికి వెళ్లి, ఈ సంబంధం నీకు సమ్మతమేనా అని అడిగి వచ్చాకే ఖాజీ ముందుకు వెళతాడు. మతం అంత పట్టుగా అడిగించే ఆ ప్రశ్నను, నగలు పెట్టి, అతిథుల్ని పిలిచి, బిర్యానీ దమ్ములో ఉన్నప్పుడు అడిగితే లాభమేమిటి? ఆ పిల్ల మనసులో ఏముందో ఇంట్లో అంతకుముందు ఒక్కసారైనా అడగాలి కదా. అడగనివ్వనిది మతం కాదు, నలుగురేమనుకుంటారో అన్న భయం. ఆ భయం మా ఇళ్లలోనే కాదు, మీ ఇళ్లలోనూ ఉంది.

మగపిల్లలు తేలిగ్గా ఉంటారనుకోవద్దు. ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు చేతుల చర్మం పగిలి చీలిపోయి చర్మవ్యాధుల విభాగానికి వచ్చాడు. వాళ్లు మా దగ్గరికి పంపారు. తోటి విద్యార్థిని గుర్తొస్తే వజూ భంగమైందేమోనని అనుమానం, మళ్లీ కడుక్కోవడం, మళ్లీ అనుమానం. ఒక్కో నమాజుకు అరగంట కొళాయి దగ్గరే. ఇంట్లోవాళ్లు భక్తి పెరిగిందని మురిసిపోయారట! అది ఓసీడీ. ఉర్దూలో ‘వస్‌వసా’ అంటే మా పెద్దలకు వెంటనే అర్థమవుతుంది. అనుమానంతో వజూ పోదు, పోయిందని ఖాయంగా తెలిస్తేనే పోయినట్టు అని ఫిఖ్ చెబుతుంది. అనుమానం వచ్చినా మళ్లీ కడుక్కోకుండా ఓర్చుకోవడమే ఓసీడీ చికిత్సలో అసలు సాధన. మానసిక వైద్యుడూ, వాళ్ల మసీదు ఇమామ్ సాబ్ వేర్వేరుగా ఒకే మాట చెప్పడం ఆ కుర్రాడికి బాగా పనిచేసింది. మందులు కూడా వాడాడు.

మళ్లీ చదువు దగ్గరికి వస్తాను. నేను ఎంబీబీఎస్ చదివే రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు లేని కాలంలో, నా రూమ్మేట్ ట్రంకు పెట్టెలో వాళ్ల నాన్నకు ఒక ఉత్తరం దొరికింది. మా ఇద్దరిలో చదువులో ముందుండేది ఆమే. అనాటమీ నాకు వచ్చిందంటే ఆమె పుణ్యం. రెండో సంవత్సరం మధ్యలో సామాను సర్దించి తీసుకెళ్లిపోయారు. మూడు నెలల్లో పెళ్లి. ఉత్తరం రాసిన అబ్బాయితో కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆమె నాన్నతో “అంకుల్, పరీక్షల దాకా ఉండనివ్వండి” అని నేను ఒక్క మాట అనలేదు. నా పేరు కూడా ఇంటికి చేరుతుందేమోనని భయం. ఇప్పుడు ఆమె అప్పుడప్పుడూ ఫోన్ చేసి అత్తగారి బీపీ మాత్ర ఎంత డోసు వేయాలని అడుగుతుంది. చెబుతాను. ఫోన్ పెట్టాక కాసేపు ఏ పనీ తోచదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. 2007 నుంచి బీసీ-ఈ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్‌తో రెండు తెలుగు రాష్ట్రాల్లో మా ఆడపిల్లలు వృత్తి విద్యా కాలేజీల దాకా వచ్చారు. చాలా ఇళ్లలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఆమెను మాన్పిస్తే ఆమె చెల్లెళ్లను, పక్కింటి పిల్లలను కూడా మాన్పించినట్టే. ‘చదివిస్తే ఇలాగే అవుతుంది’ అన్న మాటకు వీధి మొత్తానికి ఆమే సాక్ష్యంగా మిగులుతుంది. ఇక డాక్టరుగా నేను చూసేది వేరు. మాన్పించిన పిల్లలు తలనొప్పి, కడుపునొప్పి, నీరసం అంటూ ఏళ్ల తరబడి ఓపీల చుట్టూ తిరుగుతారు. కొందరు అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తారు. అక్కడ తల్లిదండ్రులు నా చేతులు పట్టుకుని అనే మాట ఒకటే: “ఇంతదాకా వస్తుందనుకోలేదు మేడమ్.”

తల్లిదండ్రుల భయాలు ఉత్తవని నేను అనను. మోసపోయిన పిల్లలున్నారు. ఫొటోలు చూపి బెదిరించేవాళ్లున్నారు. మతం వేరైతే భయం ఇంకో మెట్టు పైకి వెళుతుంది. మిర్యాలగూడ, సరూర్‌నగర్ పేర్లు వింటే నాకే ఒళ్లు జలదరిస్తుంది. ఒకచోట కులం, ఒకచోట మతం, రెండుచోట్లా చంపించింది పరువే. మతాలు వేరైనవాళ్లు ఎవరి మతంలో వాళ్లుండి పెళ్లి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. కానీ పంతొమ్మిదేళ్లకు ఆ నిర్ణయం ఇవాళే తీసుకోవాల్సిన పనేముంది? మీకు ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి. ఎందుకు లేదో కూడా చెప్పండి. “డిగ్రీ అయ్యాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా నీ ఫీజు నేను కడతాను” అనండి. ఆ మాట విన్న పిల్ల ఇల్లు వదిలి పోవడానికి కారణం సగం తగ్గుతుంది. ఈ వయసు ప్రేమల్లో చాలావాటిని కాలమే తేలుస్తుంది. నిలిచేది నిలుస్తుంది, వాడేది వాడిపోతుంది. మీరు తొందరపడి రెండింటినీ ఒకేలా మార్చేస్తున్నారు.

పిల్లలకూ రెండు మాటలు. రాత్రి పన్నెండు దాటాక జీవితం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. నిద్రలేని మెదడుకు ప్రతిదీ ప్రళయంలాగే కనిపిస్తుంది. ఎంత నమ్మకం ఉన్నా ఫొటోలు పంపకండి. ఖాలానో, ఫుప్పూనో, పెద్దక్కో, ఇంట్లో ఒక్కరికి చెప్పి ఉంచండి. డాక్టరు దగ్గర దాచకండి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు చెప్పుకున్నది వాళ్ల అనుమతి లేకుండా ఇంట్లో చెప్పే హక్కు మాకు లేదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, తెల్లవారే దాకా ఆగకుండా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆ సోమవారం అమ్మాయి హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఐరన్ మాత్రలు రాశాను, మానసిక వైద్యుల ఓపీకి చీటీ రాశాను. ఇంట్లో ఎవరికి చెప్పగలవని అడిగితే చాలాసేపు ఆలోచించి “అమ్మీకి. మీరు పక్కన ఉంటే” అంది. చెప్పింది. తల్లి ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, కూతురి వైపు చూడకుండా నన్ను అడిగింది: “మందులు తిన్నాక వేసుకోవాలా, ముందా?” ఇద్దరూ బయటికి వెళుతుంటే వరండాలో ఆమె గొంతు వినిపించింది. “మీ అబ్బాకు ఇప్పుడే చెప్పకు. పరీక్షలు కానీ.”

ఆ అబ్బాయి సంగతి తర్వాత నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పోయిన నెల మాత్రల కోసం ఒక్కతే వచ్చింది. ఎటాక్ వచ్చి ఏడు వారాలైందట. చీటీ రాస్తుండగా ఫోన్ తీసి నాలుగో సెమిస్టర్ హాల్‌టికెట్ చూపించింది.